హైఫా డాక్యుమెంటరీ ప్రదర్శన (బెంగళూరు, కమ్యూనిటీ హాలు): తెర, సౌండు, తెలుగు సబ్‌టైటిళ్లు, పోస్టర్ మీద మాట

రామమూర్తినగర్_శ్రీను

అందరికీ నమస్కారం. సెప్టెంబరు 23కి ముందొచ్చే ఆదివారం సాయంత్రం ఇక్కడి కమ్యూనిటీ హాల్లో మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న జరిగిన హైఫా యుద్ధం మీద డాక్యుమెంటరీ వేస్తున్నాం. హైఫా ఇప్పటి ఇజ్రాయెల్‌లోని రేవు పట్టణం. నిడివి 58 నిమిషాలు. వ్యాఖ్యానం ఇంగ్లీషు, మధ్యలో హిందీ, కన్నడ ఇంటర్వ్యూలు. హాలు 60 అడుగుల పొడవు, 35 వెడల్పు, 12 అడుగుల ఎత్తులో స్లాబు. పడమటి గోడంతా గాజు కిటికీలే. 140 మంది దాకా వస్తారు. వాళ్లలో మూడో వంతు పెద్దవాళ్లు, కన్నడంవాళ్లు కూడా బాగానే ఉంటారు. అద్దెకిచ్చే అతను 3,000 ల్యూమెన్ల (వెలుగు కొలత) ప్రొజెక్టరు, రెండు స్పీకర్లు చాలంటున్నాడు. తెలుగు సబ్‌టైటిళ్లు ఇద్దరు కూర్చుని రాస్తున్నారు.

పోస్టర్ మీదకి అనుకున్న వాక్యం: "ఉత్త కత్తులు, బల్లేలతో హైఫాను గెలిచిన మన హైదరాబాద్ లాన్సర్లు! చరిత్రలో ఆఖరి అశ్వికదళ దాడి!" సరిచూసి చెప్పండి.

తెరచాప

శ్రీను గారూ, ముందు తెర సంగతి. వెనక వరుస తెరకి 48 అడుగుల దూరంలో పడుతుంది. అక్కడ కూర్చున్నవాళ్లు సబ్‌టైటిల్ చదవాలంటే 12 అడుగుల వెడల్పు తెర కావాలి. అప్పుడు ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు, విస్తీర్ణం 81 చదరపు అడుగులు. 3,000 ల్యూమెన్లని 81తో భాగిస్తే చదరపు అడుగుకి 37. గది పూర్తిగా చీకటైతే అది ఎక్కువే, సినిమా హాలు ప్రమాణం 14 మాత్రమే. కానీ పెట్టె మీద రాసిన 3,000 కొత్త బల్బు లెక్క. అద్దె బల్బు సగం జీవితం తిన్నదైతే 1,800 వస్తే గొప్ప, అంటే 22కి దిగుతుంది. దానికి పడమటి గాజుల వెలుతురు తోడైతే 1918 నాటి నలుపు తెలుపు బొమ్మలు బూడిదలో కలిసిపోతాయి. పాత ఫొటోల్లో నీడలే ప్రాణం, ముందు చచ్చేవి అవే. 4,500 ల్యూమెన్లది అడగండి, బల్బు ఎన్ని గంటలు వాడారో మెనూలో చూపించమనండి.

ఆ రోజుల్లో ఇక్కడ పొద్దు సుమారు 6:15కి గుంకుతుంది. ఇంకో అరగంట గాజుల్లోంచి వెలుతురు ఉంటుంది. 6:50కి ముందు బొమ్మ మొదలుపెట్టకండి. తప్పదంటే నల్ల గుడ్డ కట్టాలి, పల్చటి కర్టెన్లు పనికిరావు.

తెర కింది అంచు నేలకి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. కూర్చున్న మనిషి తల నాలుగడుగుల పైన ఉంటుంది. అంచు మూడడుగుల్లో పెడితే సబ్‌టైటిళ్లు చదవగలిగేది మొదటి మూడు వరుసలే. నాలుగున్నరలో పెడితే పైఅంచు 11 అడుగుల 3 అంగుళాలకి వస్తుంది. మీ స్లాబు 12 కాబట్టి పడుతుంది, ఫ్యాన్లు అడ్డమేమో మాత్రం ముందే చూసుకోండి.

రామమూర్తినగర్_శ్రీను

ప్రొజెక్టరు వెనక గోడ దగ్గర పెడదామనుకున్నాం. కుదరదా?

తెరచాప

మామూలు ప్రొజెక్టరుకి తెర వెడల్పుకి ఒకటిన్నర రెట్ల దూరం కావాలి. 12 అడుగులకి 18 అడుగులు. జూమ్ ఉంటే 20, 21 దాకా వెనక్కి జరుగుతుంది. 55 అడుగుల నుంచి వేస్తే బొమ్మ గోడంతా పాకుతుంది. మొదటి వరుస తెరకి 18 అడుగుల్లో మొదలెట్టి, వరుసకి 14 కుర్చీలు, మధ్యలో నాలుగడుగుల దారి వదలండి. ఆ దారిలో మొదటి వరుస పక్కనే ఎత్తు తక్కువ బల్ల వేసి ప్రొజెక్టరు పెట్టండి. వరుసకీ వరుసకీ మూడడుగులు, మొత్తం పది వరుసలు. ఒక వరుస కుర్చీల సందులోకి వెనక వరుస కుర్చీ వచ్చేలా వేస్తే తలలు అడ్డం రావు.

బొమ్మ వంకరైతే కీస్టోన్ బటన్ జోలికి పోకండి, అది బొమ్మని చెక్కేసి అక్షరాల అంచులు మసకబారుస్తుంది. ప్రొజెక్టరునే తెర మధ్యకి ఎదురుగా జరపండి. ల్యాప్‌టాప్ కూడా ప్రొజెక్టరు పక్కనే ఉండాలి. హెచ్‌డీఎంఐ కేబుల్ 10 మీటర్లు దాటితే బొమ్మ మినుకుమినుకుమని మాయమవుతుంది, సరిగ్గా జనం లీనమైనప్పుడే. ఎంత దూరమైనా సౌండు కేబుల్ లాగండి, బొమ్మ కేబుల్ మాత్రం పొట్టిగా ఉంచండి.

బల్లెం

పోస్టర్ గురించి మాట్లాడాలి. శ్రీను గారూ, ఆ రెండు వాక్యాల్లో మూడు తప్పులున్నాయి. ఇంత మంచి పనిలో అవి ఉండకూడదు.

మొదటిది, హైఫాలోకి దూకినవాళ్లు జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు, అంటే బల్లేలు పట్టిన అశ్వికదళాలు. హైదరాబాద్ లాన్సర్లు అదే 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్‌లో (బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడిన మన సంస్థానాల అశ్వికదళం) ఉన్నారు, పాలస్తీనా దండయాత్రలో పోరాడారు. కానీ ఆ రోజు వాళ్లకి పడిన పని పట్టుబడిన ఖైదీలకి కాపలాగా వెనక్కి నడిపించడం. 1918 సెప్టెంబరు 19న మొదలైన మెగిద్దో యుద్ధంలో వేల మంది అటోమన్ (టర్కీ సామ్రాజ్య) సైనికులు లొంగిపోయారు. అంతమందిని ఎండలో, నీటి కరవులో, కొద్దిమంది రౌతులతో దాటించడం చిన్న పని కాదు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు మూడింటివీ. 2018 జనవరిలో ఆ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు. ఆ గౌరవంలో హైదరాబాద్ వాటా నిజమైనదే, లేనిది అంటగట్టక్కర్లేదు. హైదరాబాద్ అన్న పేరు చూసి "మన తెలుగు సైనికులు" అనీ రాయకండి. అది నిజాం సంస్థానం దళం, ఆ పేరు రాజ్యానిది.

రెండోది, "ఉత్త కత్తులు, బల్లేలతో" అనేది. బల్లేలతో దూకిన మాట నిజం. అయితే వాళ్ల దగ్గర రైఫిళ్లూ మెషిన్ గన్లూ ఉన్నాయి, వెనక నుంచి ఒక బ్రిటిష్ ఫిరంగుల దళం గుండ్లు వేసింది. "ఉత్త" తీసేయండి.

మూడోది, "చరిత్రలో ఆఖరి" అనేది. నెల తిరిగిన కొద్ది రోజులకే, అక్టోబరు 26న, అలెప్పో దగ్గర హరితాన్‌లో ఇదే జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు మళ్లీ గుర్రాల మీద దాడి చేశారు. 1942 ఆగస్టులో రష్యాలో ఇటలీ అశ్వికదళం చేసిన దాడీ ఉంది. హైఫా గొప్పతనం ఆఖరిది కావడంలో లేదు. గుర్రాల మీద వెళ్లి ఫిరంగుల కాపలాలో ఉన్న ఊరిని ఒక్క మధ్యాహ్నంలో పట్టుకోవడంలో ఉంది.

హలసూరు_చెరువు

బల్లెం గారూ, అసలు ఆ రోజు ఏం జరిగిందో వరసగా చెప్పగలరా? సినిమాకి ముందు ఐదు నిమిషాలు మ్యాపు చూపిస్తూ మాట్లాడితే పెద్దవాళ్లకి దారి తెలుస్తుంది.

బల్లెం

తప్పకుండా. మ్యాపు మీద నాలుగే గుర్తులు పెట్టండి: అఫూలా, కార్మెల్ కొండ, కిషోన్ నది, హైఫా రేవు. తూర్పు నుంచి ఊరికి వెళ్లే దారికి ఎడమ చేతి వైపు కొండ, కుడి వైపు నది. మధ్యలో సన్నటి నేల, అందులోనే రోడ్డూ రైలు పట్టాలూ. కొండ మీద ఫిరంగులు, కింద మెషిన్ గన్లు. 22న సాయుధ కార్లు ఈ దారినే వెళ్లబోయి గుండ్ల వాన తట్టుకోలేక తిరిగొచ్చేశాయి.

23న తెల్లవారుజామున 5కి బ్రిగేడ్ అఫూలా నుంచి కదిలింది. 10 గంటలకి బలద్ అష్ షేఖ్ ఊరు చేరేసరికి కొండ నుంచి గుండ్లు మొదలయ్యాయి. అక్కడ మైసూరు లాన్సర్లలో ఒక స్క్వాడ్రన్‌ని కొండ ఎక్కి ఫిరంగులని పక్క నుంచి కొట్టమని పంపారు. తర్వాత షేర్‌వుడ్ రేంజర్స్ అనే బ్రిటిష్ అశ్వికదళం స్క్వాడ్రన్ కూడా అటే వెళ్లింది. నిటారు కొండ, రాళ్ల బాట, గుర్రాలు జారిపోయే చోటు. పైకి చేరి దాడి చేసేసరికి మిగిలిన గుర్రాలు కొన్నే.

మధ్యాహ్నం 2కి కింద జోధ్‌పూర్ లాన్సర్లు కదిలారు. ముందు నది వైపే వెళ్లారు. దాటే చోటు చూడడానికి ముందు వెళ్లినవాళ్ల గుర్రాలు ఒడ్డున ఊబిలో దిగబడ్డాయి. పైన గుండ్లు, ముందు ఊబి. ఆగితే అందరూ అక్కడే పోతారు. దౌడులో ఉన్న గుర్రాలని ఒక్కసారిగా ఎడమకి తిప్పి, కొండ వాలు కింద ఉన్న మెషిన్ గన్ల మీదకే నేరుగా దూకారు. వాటిని పట్టుకోవడంతో ఊళ్లోకి దారి తెరుచుకుంది. వెంటనే మైసూరు లాన్సర్లలో మిగతావాళ్లు వాళ్ల వెనకే ఊళ్లోకి దూసుకెళ్లారు. జోధ్‌పూర్ దళాన్ని నడిపిన మేజర్ దళపత్ సింగ్ ఆ దాడిలో తగిలిన గాయంతో కన్నుమూశారు.

మ్యాపు మీద ఆ ఎడమ మలుపుని ఎర్ర బాణంతో గీయండి. సినిమాలో అది కొన్ని సెకన్లలో దాటిపోతుంది, యుద్ధమంతా తిరిగింది అక్కడే.

రామమూర్తినగర్_శ్రీను

పోస్టర్ ఆపేశాను, ఇంకా ప్రింటుకి వెళ్లలేదు. పొద్దున్నే దిద్దుతాను. ధన్యవాదాలండీ.

రమణి_హక్కులు

అనుమతుల మాట ఎవరూ ఎత్తలేదు. డిస్క్ కొన్నా, చందా కట్టి నెట్‌లో చూస్తున్నా, హాల్లో పదిమందికి వేసే హక్కు దాంతో రాదు. నిర్మాత నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అందులో తేదీ, హాలు, టికెట్ లేదన్న మాట, ఎన్ని ప్రదర్శనలు, తెలుగు సబ్‌టైటిళ్లు చేర్చుకోవచ్చా అన్నవి స్పష్టంగా ఉండాలి. ఆఖరిది జనం మర్చిపోతారు, సబ్‌టైటిల్ అంటే అనువాదం, దానికి విడిగా ఒప్పుకోలు కావాలి. "టికెట్ లేదు కదా, ఔత్సాహిక సంఘాలకి మినహాయింపు ఉంది కదా" అంటారు. 1957 కాపీరైటు చట్టంలోని ఆ మినహాయింపు సాహిత్యం, నాటకం, సంగీతం ప్రదర్శించడానికే, సినిమాకి కాదు. సెన్సార్ సర్టిఫికెట్ కాపీ కూడా అడిగి ఫైల్లో పెట్టుకోండి.

మీరు విడిగా 1918 నాటి ఫొటోలు పోస్టర్ మీద వేస్తే ఇక్కడ ఇబ్బంది లేదు, ఫొటోకి మన చట్టంలో ప్రచురణ తర్వాత 60 ఏళ్లే. సినిమాలోంచి కత్తిరించిన ఫ్రేములు మాత్రం అడక్కుండా వేయకండి.

సౌండు_సుబ్బు

అందరూ బొమ్మ గురించే మాట్లాడతారు. డాక్యుమెంటరీని చంపేది సౌండు. మాట వినబడకపోతే పది నిమిషాల్లో వెనక వరుసలు లేచిపోతాయి.

శ్రీను గారూ, ఫైల్లో ఆడియో 5.1 (ఆరు ఛానళ్ల సౌండు) ఉందా, స్టీరియోనా (రెండు ఛానళ్లే)? ఈ రోజే చూడండి. 5.1లో వ్యాఖ్యానమంతా మధ్య ఛానల్లో ఉంటుంది. ల్యాప్‌టాప్ నుంచి రెండు స్పీకర్లకే పంపినప్పుడు ప్లేయర్ ఆ మధ్య ఛానల్ని కుడి ఎడమల్లో కలపకపోతే గుర్రాల డెక్కలూ నేపథ్య సంగీతమూ బ్రహ్మాండంగా వస్తాయి, మాట మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటుంది. అప్పుడు వాల్యూమ్ పెంచితే డెక్కలే పెరుగుతాయి. స్టీరియో ట్రాక్ ఉంటే అదే ఎంచుకోండి, లేకపోతే ముందే స్టీరియోగా కలిపి కొత్త ఫైల్ చేసుకోండి. హెడ్‌ఫోన్స్‌లో విని సరిపెట్టుకోకండి, కొన్ని వాటంతటవే కలిపేస్తాయి, తప్పు తెలియదు.

మీ హాలు గాజు, స్లాబు, టైల్సు. ఖాళీగా ఉన్నప్పుడు చప్పట్లు కొడితే మోత తిరిగొస్తుంది. నేల మీద జంపఖానాలు పరవండి, వెనక గోడకి మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. గాజులకి కట్టే నల్ల గుడ్డ దీనికీ పనికొస్తుంది. 12 అంగుళాల స్పీకర్లు రెండు చాలు. స్టాండు మీద ఆరడుగులపైన ఉంచి, ముక్కు కొంచెం కిందకి వంచి ఆరో ఏడో వరుసకి గురిపెట్టండి. మిక్సర్‌లో 120 హెర్ట్జ్ కింద కోసేయండి. స్లాబు గదిలో ఆ గుమ్ములే మాటని మింగేస్తాయి.

వెనకవాళ్ల కోసం మరో జత స్పీకర్లు హాలు మధ్యలో పెడతామంటే వాటిని సుమారు 26 మిల్లీసెకన్లు ఆలస్యం చేయాలి, ఎందుకంటే ముందు స్పీకర్ల శబ్దం 30 అడుగులు రావడానికి అంత పడుతుంది. ఆలస్యం పెట్టే సౌకర్యం మిక్సర్‌లో లేకపోతే ఆ జత వద్దు, మాట రెండుసార్లు వినబడుతుంది.

"మ్...." అని సన్నటి హమ్ వస్తే ల్యాప్‌టాప్ ఛార్జరూ మిక్సరూ వేర్వేరు గోడల ప్లగ్గుల్లో ఉన్నాయని అర్థం. రెంటినీ ఒకే బోర్డుకి తెచ్చి చూడండి. అప్పటికీ పోకపోతే మధ్యలో డీఐ బాక్స్ (రెంటి ఎర్త్‌లనీ విడదీసే చిన్న పెట్టె) పెట్టాలి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టే వైద్యం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి, ప్రాణాపాయం.

హలసూరు_చెరువు

కరెంటు సంగతి కూడా. జనరేటర్ అందుకునే ఆ పది, ఇరవై సెకన్లలో బల్బు ప్రొజెక్టరు ఆరిపోతే అది చల్లబడే దాకా మళ్లీ వెలగదు, ఐదు నిమిషాలు పోతాయి. వేడి బల్బుకీ మంచిది కాదు. 1 కేవీఏ యూపీఎస్ మీద ప్రొజెక్టరు, ల్యాప్‌టాప్ రెండే పెట్టండి, స్పీకర్లు వద్దు. మొత్తం 500 వాట్ల లోపే ఉంటుంది. వాన సాయంత్రం కాబట్టి ఇది తప్పనిసరి అనుకోండి.

అక్షరం

సబ్‌టైటిళ్లు రాస్తున్న ఇద్దరికీ ఈ మాటలు అందించండి.

ఫైల్ యూటీఎఫ్-8లో (అన్ని లిపులనూ దాచగలిగే పద్ధతి) భద్రపరచాలి, లేకపోతే తెర మీద ప్రశ్నార్థకాల వరస వస్తుంది. రెండో చిక్కు ఇంకా మోసకారిది. కొన్ని ప్లేయర్లు, చాలా టీవీలు తెలుగు వత్తులు కూర్చలేవు. "రాష్ట్రం" అన్న మాట ష, ట, ర విడివిడిగా, మధ్యలో పొల్లులతో పడుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో బాగుండి హాల్లోని ల్యాప్‌టాప్‌లో విరగొచ్చు. అందుకే విడి ఫైల్ మీద ఆధారపడకుండా అక్షరాలని బొమ్మలోకే ముద్రించి ఒక్క వీడియో చేసేయండి. అచ్చు వేశాక "స్త్రీ", "క్ష్మి", "ర్ధ్వ" లాంటివి వచ్చే చోట్ల ఆపి కళ్లతో చూడండి.

ఫాంట్ నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ, కొంచెం బొద్దుగా ఉన్నది. సన్నగీతల అందమైన ఫాంట్లు 48 అడుగుల దూరంలో కరిగిపోతాయి. 1080 గీతల బొమ్మలో అక్షరం ఒళ్లు 40 గీతలకి తగ్గకూడదు. మీ తెర మీద అది మూడంగుళాలవుతుంది. రెండు వరుసల మధ్య జాగా ఇంగ్లీషు కంటే ఎక్కువ ఇవ్వండి, పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద ఎక్కుతాయి. వరుసకి 30 అక్షరాలు, రెండు వరుసలు, ఒక్కోటి రెండు సెకన్లకి తగ్గకుండా. పెద్దవాళ్లు చదవాలి కాబట్టి వాక్యం కుదించండి, మాటకి మాట దించక్కర్లేదు.

రాసేటప్పుడు వాడుతున్న వీడియో, హాల్లో వేసే వీడియో ఒకటేనా? ఒకటి సెకనుకి 25 ఫ్రేములు, ఇంకోటి 23.976 అయితే మొదట్లో సరిగ్గానే ఉంటుంది, చివరికి వచ్చేసరికి దాదాపు రెండున్నర నిమిషాలు తేడా వస్తుంది. మొదటి ఐదు నిమిషాలు చూసి బాగుందనుకునేవాళ్లు మునిగేది ఇక్కడే. ఆఖరి వాక్యం దగ్గర సరిచూడండి.

ఇక మాటలు. కావల్రీమేన్‌కి "అశ్వికదళ సైనికుడు" అని ప్రతిసారీ రాస్తే వరుస నిండిపోతుంది. "రౌతు" అన్న మంచి మాట మనకుంది, "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది" అన్న సామెత తెలియనివారు లేరు. లాన్స్ అంటే బల్లెం. క్విక్‌సాండ్‌కి "త్వరిత ఇసుక" అని యంత్రానువాదం ఇస్తుంది, అది ఊబి. ఛార్జ్‌ని "ఛార్జ్ చేశారు" అనకండి, ఫోనో కేసో గుర్తొస్తుంది. "మీదికి దూకారు" అనండి. స్క్వాడ్రన్, బ్రిగేడ్, మెషిన్ గన్ అలాగే ఉంచండి.

తెరచాప

కన్నడంవాళ్ల కోసం? తెలుగూ కన్నడా రెండూ ఒకే బొమ్మ మీద వేస్తే నాలుగు వరుసలై సగం తెర పోతుంది.

అక్షరం

రెండూ వేయొద్దు. మ్యాపు పరిచయం ముందు కన్నడంలో, తర్వాత తెలుగులో చెప్పించండి. మైసూరు లాన్సర్లు వాళ్ల ఊరి రౌతులు, మాట వాళ్ల భాషలో మొదలవడమే మర్యాద. జె.సి.నగర్‌లో మైసూరు లాన్సర్ల స్మారకం ఉంది, పగటి వెలుగులో ఫొటో తీసి పరిచయంలో మొదటి స్లైడుగా పెట్టండి. ఈ ఊళ్లో ఉంటూ దాని పక్క నుంచి పోతున్నవాళ్లకి అదేమిటో తెలుస్తుంది.

రామమూర్తినగర్_శ్రీను

ఇప్పటిదాకా చెప్పినవన్నీ పంచేశాం. ఆడియో 5.1యే, స్టీరియో ట్రాక్ లేదు. సుబ్బు గారు చెప్పినట్టే కలిపి కొత్త ఫైల్ చేస్తున్నాం. నిర్మాతకి మెయిల్ పెట్టాం, సబ్‌టైటిళ్ల మాట విడిగా రాశాం. 4,500 ల్యూమెన్ల ప్రొజెక్టరు దొరికింది.

పోస్టర్ ఇప్పుడు ఇలా: "1918 సెప్టెంబరు 23, హైఫా. గుర్రాల మీద వెళ్లి ఫిరంగులను పట్టుకున్న జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. అదే బ్రిగేడ్‌లో మన హైదరాబాద్ లాన్సర్లు." సినిమా అయ్యాక దీపాలు వేసేముందు చూపించే కార్డు: "పట్టుబడినవారు 1,350. ఫిరంగులు 17, మెషిన్ గన్లు 11. బ్రిగేడ్‌లో అమరులు 8 మంది, గాయపడినవారు 34 మంది."

బల్లెం

పోస్టర్ బాగుంది. కార్డులో గుర్రాలు లేవు. 60 చనిపోయాయి, 83 గాయపడ్డాయి. మనుషుల కంటే అవే ఎక్కువ పడ్డాయి. కొండ ఎక్కిందీ ఊబిలో దిగబడిందీ అవే, వాటికీ ఒక వరుస ఇవ్వండి.

రామమూర్తినగర్_శ్రీను

చేర్చాను: "60 గుర్రాలు పోయాయి, 83 గాయపడ్డాయి."

అక్షరం

"పోయాయి" అంటే తప్పిపోయాయనో పారిపోయాయనో అనుకునే వీలుంది. "చనిపోయాయి" అని రాయండి. వరుసలో జాగా ఉంది.

రామమూర్తినగర్_శ్రీను

మార్చాను.